దుబాయి బావ విమానపు బడలిక

ఆ రోజుల్లో మా జహీరాబాద్‌లో విమానమంటే తల పైకెత్తి చూసే వస్తువు, అంతే. చెరకు కొట్టేవాళ్ళు నడుం ఎత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూసి, "పోయింది" అని ఒకరికొకరు చెప్పుకుని మళ్ళీ వంగేవాళ్ళు. ఎక్కడికి పోయిందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మాకు ప్రయాణమంటే హైవే మీది బొంబాయి బస్సు, దిగాక మూడు రోజులు పట్టేసిన నడుము. ఇప్పుడు ఏ వారపత్రిక తిరగేసినా దూరపు విమాన ప్రయాణాల్లో ఆరోగ్యం కాపాడుకోవడం ఎలా అని ఒక పేజీ ఉంటోంది. నీళ్ళు బాగా తాగాలట, మధ్యమధ్య లేచి నడవాలట, వెళ్ళబోయే దేశపు వేళలకు ముందునుంచే నిద్రను అలవాటు చేసుకోవాలట. అవి చదివినప్పుడల్లా నాకు నవ్వు ఆగదు. ఈ విద్య అంతా నేను విమానం మెట్టు ఎక్కకముందే, మా నడి ఇంట్లో, మూడు ఇనుప కుర్చీల మీద నేర్చుకున్నాను. నేర్పిన గురువు మా అక్క భర్త. ఆ చదువు పుణ్యమా అని నా బతుకు ఒక అల్లం మడిలోకి దూసుకుపోయింది, అది వేరే సంగతి. (వేరే సంగతేమిటి నా మొహం, చెప్పబోయేదే అది.)

మా బావది ఝరాసంగం వైపు పల్లె. వాన పడితే కందులు, పడకపోతే అప్పులు పండే నేల. పెళ్ళయిన కొత్తలోనే దుబాయి పోయాడు. అక్కడ ఏదో పెద్ద గోదాముల కంపెనీలో సూపర్‌వైజర్ అని మాకు చెప్పారు, మేము ఊరందరికీ చెప్పుకున్నాం. అక్క మా ఇంట్లోనే ఉండేది కాబట్టి ఏడాదికోసారి సెలవు మీద వచ్చినప్పుడు బావ కూడా మా ఇంట్లోనే దిగేవాడు. మా తాలూకా మొత్తంలో అన్నిసార్లు విమానం ఎక్కి దిగినవాడు మరొకడు లేడు. అందుకని ఆయన్ని అందరూ దుబాయి బావ అనేవాళ్ళు. ఆయనకు బావ కానివాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు.

దుబాయి బావ వచ్చాడంటే మా ఇంట్లో పగలు రాత్రయ్యేది. వచ్చీ రాగానే కిటికీకి గొంగడి కట్టించి పడుకునేవాడు. పొద్దుగూకాక లేచేవాడు. లేచి మొహం కడుక్కుని, మేమందరం రాత్రి భోజనాలకు కూర్చునే వేళకు చాయ్ అడిగేవాడు. ఇలా ఒకటి రెండు రోజులు కాదు, సెలవు సెలవంతా. ఎందుకిలా అని మొదటిసారి నేను అడిగినప్పుడు ఆయన నన్ను జాలిగా చూసి, ఒళ్ళూ ప్రాణమూ వేరువేరుగా ప్రయాణిస్తాయనే విమానశాస్త్రం విప్పాడు. "ఇమానం ఉరుకుడు ఉరుకుతది తమ్మీ. అది పెయ్యిని తెచ్చి ఈడ పారేస్తది. పానం గంత ఉరకలేదు. అది ఎనకంగ నడుసుకుంట వస్తది. అదొచ్చి మల్ల పెయ్యిల సొచ్చేదాక మనిషిని లేపద్దు. లేపితే కరాబైతడు." ఇది విన్న మా అమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసి, ఆ రోజునుంచి ఇంట్లో అందరి గొంతులూ తగ్గించేసింది. రోట్లో తొక్కు నూరడం బంద్. చుట్టాలొస్తే వాకిట్లోనే ఆపి, "సప్పుడు చెయ్యకున్రి, అల్లుని పానం ఇంక రాలే" అని సైగ చేసేది. కొత్తవాళ్ళు కొందరు ఈ మాట విని ఏదో అనుకుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు.

అందరికంటే దెబ్బ తిన్నది మా నాయిన. మా ఇంటి ముందు గదిలోనే ఆయన పిండిగిర్ని. అది నడిస్తే గోడలు వణుకుతాయి, గోడలు వణికితే అల్లుడు లేస్తాడు. అందుకని అల్లుడున్నన్ని రోజులూ పగలంతా గిర్ని మూతబడేది. జొన్నల డబ్బాలు వాకిట్లో వరస కట్టి, వాటి వెనక ఆడవాళ్ళు కూర్చుని పొద్దుగూకేదాకా ఎదురుచూసేవాళ్ళు. సర్కారు దవాఖానలో కూడా అంత వరస నేను చూడలేదు. "లేచిండా?" అని ఒకరు, "దగ్గు వినొచ్చింది, లేస్తడు" అని ఇంకొకరు. మా నాయినకు నాలుక మీద మిరపకాయ ఉండేది. "యాడిదాక వచ్చిందో జర అడుగు నీ అల్లుని పానం," అనేవాడు అమ్మతో. "షోలాపూర్ దాటిందంటే గిర్ని షురూ చేస్త." ఇంకోసారి బావ చేతి గడియారం, మా గోడ గడియారం పక్కపక్కన పెట్టి చూసి వచ్చాడు. "గంటన్నర ఫరకు. గంటన్నర నడిచేటందుకు గా పానానికి నెల పడ్తదా? తొవ్వల ఉన్న చాయ్ హోటళ్లన్నిట్ల కూసుంటున్నదా ఏంది?" ఈ మాట గొంగడి అవతలికి కూడా వినిపించి ఉండాలి. లేచాక బావ, "ముల్లును సూస్తే ఏం తెలుస్తది మామా, పానాన్ని సూడాలె," అని మాత్రం అన్నాడు. ఏడాదికి ఒక నెల దొరికే మొగుడు, ఆ నెలలో పగళ్ళన్నీ నిద్రకు పోతే, అక్క మంచం పక్కన కూర్చుని చాటలో బియ్యం ఏరుకుంటూ ఉండేది. చాట కూడా చప్పుడు కాకుండా చెరిగేది.

బావ ఆరోగ్య సూత్రాలు అక్కడితో ఆగవు. విమానం ఎక్కే రోజు జొన్నరొట్టె, పప్పు ముట్టకూడదు. పైకి పోయిన కొద్దీ కడుపులో గాలి ఉబ్బుతుంది. అల్లం ముక్క బెల్లంతో నమలాలి. చెవుల్లో దూది పెట్టుకోవాలి. చెప్పులు విప్పి కాలివేళ్ళు ఆడిస్తూ ఉండాలి, లేకపోతే నెత్తురంతా పాదాల్లోకి దిగి, దిగేటప్పుడు చెప్పులు పట్టవు. గుటక గుటకగా నీళ్ళు తాగుతూనే ఉండాలి. ఇవి తెలుసుకోవడానికి రోజూ సాయంత్రం మా అరుగు మీద జనం చేరేవాళ్ళు. బీదర్ దాటి ఎరగని చెరకు రైతులు కూడా విమానంలో కాళ్ళు వాయకుండా ఏం చేయాలో శ్రద్ధగా విని, ఎద్దుల బండి ఎక్కి ఇంటికి పోయేవాళ్ళు.

నేనా రోజుల్లో మా ఊరి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో సర్వీసు విభాగంలో టెంపరరీగా ఉన్నాను. టెంపరరీ అంటే రోజూ గేటు దగ్గర నిలబడి లోపలికి రానిస్తారో లేదో చూసుకునే ఉద్యోగం. నాతోపాటు అదే టెంపరరీలో ఇంకొకడుండేవాడు, చించోళి నుంచి వచ్చినవాడు. అతన్ని అందరూ చించోళి అనే పిలిచేవాళ్ళు. మాటలో సగం కన్నడం, పనిలో మొత్తం నిదానం. ఒకనాడు మా పెద్ద సారు ఇద్దరినీ పిలిచాడు. ఆయన బెజవాడ వైపు మనిషి, మెత్తగా మాట్లాడుతూనే గుండె జారేలా చేసేవాడు. "చూడండయ్యా. మన ట్రాక్టర్లు జాంబియా వెళ్తున్నాయి. అక్కడి రైతులకు నేర్పడానికి ఒక మనిషి ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్ళి రావాలి. వెళ్ళేవాణ్ణి పర్మనెంట్ చేస్తాం. వచ్చే వారం ఆ దేశపు అతిథులు వస్తున్నారు. వాళ్ళ ముందు మీరిద్దరూ దున్ని చూపించండి. వాళ్ళు ఎవరిని చూపిస్తే వాడు." పర్మనెంట్ అన్న మాట విన్నాక నాకు మిగతావి సరిగ్గా వినబడలేదు. ఆ మాట కోసం నేను రెండేళ్ళుగా ఆ గేటు దగ్గర నిలబడుతున్నాను. ఇంట్లో మా నాయిన గిర్ని తోలు పట్టా బిగించే ప్రతిసారీ, "నీ నౌకరీ ఖాయమైతే గీ దుమ్ముల నుంచి బయటపడ్త," అంటూ దగ్గేవాడు. దున్నడంలో నేను చించోళి కంటే మెరుగు, అది చించోళి కూడా ఒప్పుకునేవాడు. ఇంక నాకు కావలసింది విమాన ప్రయాణానికి తగిన ఒళ్ళు ఒక్కటే అనిపించింది. దానికి గురువు ఇంట్లోనే గొంగడి చాటున పడుకుని ఉన్నాడు!

సాయంత్రం లేవగానే బావకు చెప్పాను. ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకున్నాడు. "ఏ దేశం?"

"జాంబియా బావా. ఆఫ్రికల ఉన్నది."

"ఇమానంల పోవాలె గద?"

"పోవాలె."

"ఇంకేం సోంచాయించకు. ఇమానంల పొయ్యే దేశమేదైన గంతే. ఈడ మంది లేచినప్పుడు ఆడ పండుకోవాలె, ఈడ మంది పండుకున్నప్పుడు ఆడ లేవాలె. ఇప్పటి సంది అలవాటు చేసుకో. గా దినం వాళ్ల ముందర నువ్వు ఆ దేశపోని లెక్క కనవడాలె."

నేను డిప్లొమా చదివినవాణ్ణి. మా బళ్ళో గ్లోబు ఉండేది. (పగులుతుందని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు కాబట్టి భూమి గుండ్రంగా ఉందని బీరువా అద్దంలోంచి నమ్మాను.) ఒక్క నిమిషం ఆలోచిస్తే సరిపోయేది. కానీ విదేశమంటే ఇక్కడ పగలైనప్పుడు అక్కడ రాత్రి అని మా ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసు. తెలిసినదాన్ని ఎవరు ఆలోచిస్తారు? ఫ్యాక్టరీలో తయారీకని సెలవు పెట్టేశాను. రెండో గొంగడి దొరక్కపోతే జొన్నల సంచులు విప్పి కిటికీకి కొట్టాను.

ఇంక మా ఇంట్లో జరిగిన విమానయానం గురించి ఏం చెప్పను! నడి ఇంట్లో మూడు ఇనుప కుర్చీలు వరసగా వేయించాడు బావ. కిటికీ వైపు అమ్మ, నడుమ నేను, ఇవతల అక్క. నా నడుముకు మా నాయిన ధోవతిని మడిచి బావే పట్టీలా కట్టాడు. "ఇప్పుడు లేచి నడువు. లేచేముందు పక్కోళ్లకు ఎక్స్‌క్యూజ్ మీ అనాలె." నేను అక్కతో ఎక్స్‌క్యూజ్ మీ అన్నాను. ఆమె ముక్కు మీద కొంగు పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ కాళ్ళు పక్కకు జరిపింది. అమ్మ ఒళ్ళో కత్తిపీట పెట్టుకోబోతే బావ అడ్డుకున్నాడు, విమానంలో అవి రానివ్వరని. "మరి గాడ కూర ఎట్ల తరుగుతరు?" అంది అమ్మ. విమానం దిగేదాకా ఆమెకు అదే దిగులు. నాయిన గిర్ని గదిలోంచి తొంగిచూసి, "పైలెట్ యాడున్నడు? డబ్బాలోళ్లు అడుగుతున్నరు, ఇమానం దిగితే పిండి పట్టిస్తరట," అన్నాడు. బావ నా కాలివేళ్ళు ఆడుతున్నాయో లేదో వంగి చూశాడు.

రాత్రిళ్ళు ఊరంతా పడుకుంటే మేమిద్దరం మేలుకునేవాళ్ళం. నాకు నిద్ర ముంచుకొచ్చినప్పుడల్లా బావ మొహాన నీళ్ళు చల్లేవాడు. నేను చూసిన వింత ఏమిటంటే, ఆయన ఆ వేళ హుషారుగా ఉండేవాడు. బొంబాయి లారీ పోతుంటే చప్పుడు విని అది నిండుదో ఖాళీదో చెప్పేవాడు. అరుగు మీద వెన్ను ఆనించకుండా స్టూలు మీద నిటారుగా కూర్చునేవాడు. ఏ జీపు దీపమో మీద పడితే చటుక్కున లేచి నిలబడేవాడు. అప్పుడప్పుడూ టార్చిలైటు తీసుకుని బజారు కొసదాకా నడిచి, ఒక్కో దుకాణం తాళం పట్టుకుని ఊపి చూసి వచ్చేవాడు. అదెందుకని అడిగితే, "రక్తం ఆడాలె గద తమ్మీ, నడకతోటి కాళ్లకు, తాళంతోటి చేతులకు," అన్నాడు. నేను కూడా వెంట పోయి తాళాలు ఊపాను, చేతుల్లో రక్తం ఆడుతున్నట్టే అనిపించింది. బజారు కావలి కాసే ముసలి చౌకీదారు చాచా ఒకరోజు పొద్దున్నే మా నాయిన దగ్గరికి అల్లుడి మీద ఫిర్యాదుకు వచ్చాడు. "సేట్, మీ దామాద్ సాబ్ నా నౌకరీ మీద పడ్డడు. నేను పోయేసరికి తాళాలన్నీ ఊగుతున్నయ్. ఇగ నేనెందుకని దుకాణపోళ్లు అడుగుతున్రు." నాయిన అతనికి చాయ్ పోయించి, "ఫికర్ చెయ్యకు చాచా, గది ఫారిన్ కసరత్తు. నెలైతే పోతది," అని పంపేశాడు. అందరం నవ్వుకున్నాం. దాంట్లో చూడవలసింది ఏమన్నా ఉందేమోనని ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మొగుడంపల్లి తోవలో ఒక రైతు పొలం పక్కన షామియానా వేశారు. చుట్టుపక్కల రైతులు, ఫ్యాక్టరీ వాళ్ళు, కుర్చీల్లో ఇద్దరు జాంబియా అతిథులు. ఒకాయన పెద్దవయసు మనిషి, ఎర్రమన్ను చేత్తో తీసి నలిపి చూస్తున్నాడు. ఎండ చురుక్కుమంటోంది. నా లెక్కలో అది నట్టనడిరేయి. కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఏమయ్యా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు పెద్ద సారు. "ఫుల్ తయారీ సార్," అన్నాను ఆవులిస్తూ. మొదట చించోళి దున్నాడు. బాగానే దున్నాడు, కొంచెం వంకర. నాకు ధైర్యం వచ్చింది. సీటెక్కి, నాగళ్ళు దించి, చేతి యాక్సిలరేటర్ సమంగా పెట్టి బయలుదేరాను. ఇంజను ఒకే శ్రుతిలో జోకొడుతోంది. దానికితోడు వెనకనుంచి వీపు కాచే ఎండ. మొదటి సాలు సగందాకా నాకు గుర్తుంది.

మిగతాది తర్వాత నలుగురు నాలుగు రకాలుగా చెబితే తెలిసింది. సాలు చివర తిరగవలసిన ట్రాక్టరు తిరగలేదట. గట్టు ఎక్కి దిగి, కంచె తుమ్మకొమ్మల్ని తోసుకుని, పక్క పొలంలోని అల్లం మడిలోకి పెళ్ళివారి కారులాగా నింపాదిగా వెళ్ళిపోయిందట. నేను స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని ఉన్నానట. అది కూడా ఏదో కొత్త పద్ధతి అనుకుని అతిథులు కాసేపు మెచ్చుకోలుగా తల ఊపారట. అల్లం రైతు గావుకేక పెట్టాక గానీ ఎవరికీ విషయం అర్థం కాలేదు. చివరికి పరుగెత్తుకొచ్చి, ట్రాక్టరెక్కి ఇంజను ఆపింది చించోళి. కళ్ళు తెరిస్తే అతని మొహమే కనబడింది. "ఏనప్పా, ఇమానం దిగినవా?" అన్నాడు. చుట్టూ అల్లం వాసన. నేను జాంబియా అనే అనుకున్నాను.

పెద్ద వయసు అతిథి నా దగ్గరికి వచ్చి, ఒంట్లో నలతగా ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. నేను నా ఫ్యాక్టరీ ఇంగ్లీషులో గర్వంగానే చెప్పాను, నలత కాదయ్యా, ఇప్పుడు మీ దేశంలో నడిరేయి కదా, మీ వేళలకు నన్ను నేను అలవాటు చేసుకున్నానని. ఆయన కోటు చెయ్యి పైకి లాగి, ఇంకా తన దేశపు వేళే చూపిస్తున్న గడియారం చూసుకున్నాడు. "మా ఊళ్ళో ఇప్పుడే పొద్దెక్కుతోంది నాయనా. నా మనవలు బడికి తయారవుతుంటారు," అన్నాడు. పెద్ద సారు అది తెలుగులో అందరికీ చెప్పాడు. షామియానా మొత్తం పగలబడి నవ్వింది. కుక్కలు కూడా మొరిగాయి. "నిన్ను జాంబియా పంపితే పక్కదేశం అంగోలాలో తేలతావయ్యా," అన్నాడు సారు. అల్లం రైతు ఒక్కడే నవ్వలేదు. "నిద్రల దున్నినోడు మెలకువల నాటాలె," అని తేల్చేశాడు. పర్మనెంటు చించోళికి పోయింది. నాకు మిగిలింది ఆ మడి.

ఇంటికి ఎలా నడిచానో తెలియదు. వాకిట్లో జొన్నల డబ్బాల వరస, మూసిన గిర్ని, గొంగడి. నా ఒంట్లో నెత్తురంతా ఒక్కసారి తలకెక్కింది. (కాలివేళ్ళు ఆడించకుండానే.) నేరుగా లోపలికి పోయి గొంగడి పట్టుకుని లాగి పారేశాను. ఎండ సర్రున మంచం మీద పడింది. అక్క లేచి చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆగలేదు. జరిగినదంతా అరిచి చెప్పి, "నీ గడియారానికి మన గడియారానికి గంటన్నర ఫరకు బావా! గంటన్నరకు నువ్వు నెల పండుకుంటవ్, ఇంటిల్లిపాదిని పండవెడ్తవ్. ఇప్పుడు నా నౌకరీని గుడ పండవెట్టినవ్. ఏం శాస్త్రం నీది? సూపర్‌వైజరంటే నిద్రపోయే నౌకరీనా?" అన్నాను. గుమ్మంలో నాయిన వచ్చి నిలబడ్డాడు. తను ఇన్నేళ్ళూ అనాలనుకున్నది కొడుకు అంటుంటే వినడానికి వచ్చినట్టున్నాడు. వాకిట్లో ఆడవాళ్ళు కూడా ఇటు చెవులొగ్గారు.

బావ లేచి కూర్చున్నాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, కోపం లేకుండా, "పిల్లగాళ్లు బడికి తయారవుతరన్నడా?" అని అడిగాడు. అవునన్నాను. చెయ్యి దించి, "నాకు తెల్వదు తమ్మీ," అన్నాడు. "నేను సూపర్‌వైజర్‌ను కాదు. గోదాముల కాడ రాత్రి కావలి. పొద్దుమీకితే పోత, తెల్లారినంక వచ్చి పండుకుంట. పోయినకాడి సంది గదే డ్యూటీ. ఫారిన్ అంటే రాత్రి మేల్కొనుడే అనుకున్న. ఇన్నేండ్లల్ల ఆ ఊరు పగటిపూట ఎట్లుంటదో నేను సూడలే." బజారు తాళాలు, నిటారు స్టూలు, జీపు దీపాలకు లేచి నిలబడడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి నా కళ్ళముందు తిరిగాయి. ఎంత నవ్వుకున్నాం వాటిని చూసి! అక్క నా వైపు చూడకుండా కిందపడ్డ గొంగడి తీసి దులిపింది. "గాడ ఒక్క రూముల పది మంది, రేడియోలు, స్టవ్వులు, లొల్లి. ఇంత చీకటి, ఇంత సప్పుడు లేని తావు ఆయనకు ఈ ఇంట్లనే దొరుకుతది. నెల రోజులన్న పండుకోనీ అనుకున్న," అంది. ఆమెకు మొదటినుంచీ తెలుసన్నమాట. ఆ చాట చప్పుడు కాకుండా ఎందుకు చెరిగేదో నాకప్పుడు అర్థమైంది.

అందరికంటే నాకు మా నాయినే ఇప్పటికీ కళ్ళలో కనబడతాడు. అక్క చేతిలోంచి గొంగడి తీసుకుని, స్టూలెక్కి, కిటికీకి తనే కట్టాడు. ఒక మూల వెలుగు వస్తుంటే భుజం మీది తువ్వాలు తీసి ఆ సందులో కుక్కాడు. వాకిట్లోకి పోయి, మొహాలు చూస్తున్న ఆడవాళ్ళతో తక్కువ గొంతుతో అన్నాడు, "రేపు రాండ్రి తల్లీ. మా అల్లుడు డ్యూటీ దిగి పండుకున్నడు." సూపర్‌వైజర్ అల్లుడి గురించి ఆయన ఏనాడూ అంత గౌరవంగా మాట్లాడింది నేను వినలేదు. మర్నాటినుంచి నేను పగలు అల్లం నాటుతూ, రాత్రి బుద్ధిగా నిద్రపోయాను.

చించోళి రెండుసార్లు జాంబియా పోయి వచ్చి, "రొట్టె లేకుండ నావల్ల కాదప్పా," అని చేతులెత్తేశాడు. ఆ పెద్ద వయసు అతిథి మళ్ళీ వచ్చినప్పుడు, ఆ నిద్రపోయే కుర్రవాడేడీ, అంత తిన్నని సాలు నేనింకెక్కడా చూడలేదు, అని అడిగాడట. (నిజమే, నిద్రలో స్టీరింగు కదపలేదు కదా.) అలా నా పర్మనెంటు అల్లం మడి మీదుగా చుట్టు తిరిగి ఇంటికొచ్చింది. మా నాయిన గిర్ని అమ్మలేదు గానీ పట్టా బిగించడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు విమానాలెక్కానో! ప్రతిసారీ జేబులో అల్లం, చెవుల్లో దూది, ఆడుతున్న కాలివేళ్ళు. కడుపు ఉబ్బలేదు, కాళ్ళు వాయలేదు. పగలూ రాత్రీ లెక్క ఒక్కటి తప్ప బావ చెప్పినదంతా అక్షరాలా నిజం.

ఒకసారి తిరుగు ప్రయాణంలో విమానం దుబాయిలో ఆగింది. మిట్టమధ్యాహ్నం. అద్దాల దగ్గర నిలబడి, కాళ్ళు నొప్పి పుట్టేదాకా కళ్ళార్పకుండా చూశాను, బావకు చెప్పాలని. ఆ ఏడు ఆయన సెలవుకు వచ్చినప్పుడు, సాయంత్రం చాయ్ తాగుతూ తనే అడిగాడు. "ఎట్లున్నది తమ్మీ, పగటిపూట?"

"ఏమున్నది బావా, దుమ్ము, ఎండ, కట్టేటి బిల్డింగులు. అచ్చం మన హైవే లెక్కనే ఉన్నది."

"గంతేనా?" అని చాలాసేపు నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. తర్వాత టార్చిలైటు తీసుకుని బజారువైపు నడిచాడు. నేనూ వెంట పోయాను, తాళాలు ఊపడానికి.

ఇప్పుడు నాకు ఫ్యాక్టరీ లేదు, విమానాలు లేవు. బావా లేడు. అయినా చాలా రాత్రులు మెలకువ వస్తుంది. లేచి ముందు గది దాటి వెళ్ళి, గేటు తాళం పట్టుకుని రెండుసార్లు ఊపి వస్తాను. వేసిందేనని తెలుసు, అయినా ఊపుతాను. ఆ చప్పుడుకు మా ఆవిడ అటు తిరిగి, "ఏంది, మీ పానం ఇంక ఇల్లు చేరలేదా?" అంటుంది నిద్రగొంతుతో.

"షోలాపూర్ దాటిందే. నువ్వు పండుకో," అంటాను.